పానగల్ ఛాయా సోమేశ్వరాలయం వంటి పాత గుడిలో సందర్శకుల ఏర్పాట్లు, అమ్మకాలు ఎలా నడపాలి

నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌కు దూరం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఒక నీడ కోసమే వస్తారు. ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలపు ఈ త్రికూటాలయంలో, అంటే మూడు గర్భాలయాల గుడిలో, ఒక గర్భాలయంలో లింగం వెనక గోడ మీద స్తంభాకారంలో నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా అది పగలంతా అక్కడే ఉంటుంది. ఆ నీడను చూపించి పంపగలిగితే సందర్శకుడు సంతోషంగా వెళ్తాడు, నలుగురికి చెబుతాడు, బయట నాలుగు రూపాయలు ఖర్చు పెడతాడు. చూపించలేకపోతే ఎంత మంచి దుకాణం పెట్టినా లాభం లేదు. అందుకే ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ నీడ దగ్గర మొదలై దుకాణం దగ్గరికి వస్తాయి. ఆలయ కమిటీలో ఉన్నవాళ్లకు, ఊరి యువకులతో కలిసి ఈ పని నెత్తిన వేసుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలకైనా, మరో పాత గుడికైనా, పాత చర్చికైనా కొద్ది మార్పులతో సరిపోతుంది.

ముందు ఎవరి జాగ ఏదో తేల్చుకోండి

పాత గుడిలో సాధారణంగా ముగ్గురి మాట చెల్లుతుంది. రాళ్లు, గోడలు, శిల్పాలు పురావస్తు శాఖవి. పూజ, హుండీ దేవాదాయ శాఖవో, అర్చక కుటుంబానివో అవుతాయి. ప్రహరీ బయట నేల పంచాయతీదో మున్సిపాలిటీదో. ఈ మూడింటినీ ఒక కాగితం మీద గీసుకుని, ఏ గీత లోపల ఏ పనికి ఎవరిని అడగాలో రాసి పెట్టుకోండి. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న అలంపురం వంటి చోట రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషిద్ధం. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి లేకుండా కట్టకూడదు. రేకుల షెడ్డే కదా అని వేసి, నోటీసు వచ్చాక పీకేసే కమిటీలు డబ్బూ పరువూ రెండూ పోగొట్టుకుంటాయి. కాబట్టి దుకాణం ఏదైనా చక్రాల బండి మీదనో, మడిచి తీసే టేబుల్ మీదనో మొదలుపెట్టండి. అనుమతి నోటి మాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి, ఎందుకంటే అధికారి బదిలీ అయిన మరునాడు నోటి మాటకు విలువ ఉండదు.

ఒక వారం కూర్చుని లెక్క పెట్టండి

రూపాయి ఖర్చు పెట్టక ముందే ఈ పని చేయాలి. సోమవారం, ఆదివారం రెండూ వచ్చేలా ఏడు రోజులు పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా ఇద్దరు వంతులవారీగా గేటు దగ్గర కూర్చోవాలి. గంటకో గడి గీసుకుని ఎంతమంది వచ్చారో రాయాలి. దర్శనానికి వచ్చిన ఊరివాళ్లు, గుడి చూడటానికి వచ్చిన పరాయి ఊరివాళ్లు, బడి పిల్లలు, ఫొటోలకు వచ్చిన జంటలు, ఇలా నాలుగు రకాలుగా వేరుచేసి రాయాలి. పక్కనే ఇంకో గడిలో వాళ్లు అడిగిన ప్రశ్న రాయాలి. "బాత్రూం ఎక్కడ?", "నీడ ఏదీ?", "మ్యూజియం తెరిచి ఉందా?" అన్నవే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఏ బోర్డు పెట్టాలో, ఏ పనికి మనిషిని పెట్టాలో ఆ ప్రశ్నలే చెబుతాయి.

ఈ లెక్క లేకుండా కొబ్బరికాయల వేలంపాట పెట్టినా, ప్రసాదం వండినా గుడ్డిగా చేసినట్టే.

నీడను చూపించడం

ఇక్కడ నిదానంగా చదవండి, అసలు పని ఇదే.

గర్భాలయంలోకి నేరుగా ఎండ పడదు. మండపంలోకి వచ్చి చెదిరిన వెలుతురు ద్వారం గుండా లోపలికి పోతుంది. దారిలో మండప స్తంభాలు దాన్ని అడ్డుకుంటాయి. అలా అడ్డుపడ్డ చోటే గోడ మీద నీడగా కనిపిస్తుంది. సూర్యుడి జాడను కాక చెదిరిన వెలుతురును పట్టుకున్న నీడ కాబట్టి అది గోడ మీద పాకదు. ఇంత సున్నితమైన వెలుతురు కాబట్టే దాన్ని చెడగొట్టడం చాలా తేలిక. "నీడా లేదు ఏమీ లేదు" అని వెళ్లిపోయేవాళ్లు ఎందుకు వెళ్లిపోతారంటే:

ఎండలోంచి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు కావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అంతలోపే "కదలండి, కదలండి" అంటే వాళ్లకు నల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు.

ముందు నిలబడ్డవాళ్లు ద్వారానికి అడ్డంగా గుమిగూడతారు. లోపలికి పోయే వెలుతురే ఆగిపోయాక నీడ ఎక్కడిది?

గర్భాలయంలోనో ద్వారం పైనో బల్బు వెలుగుతుంటుంది. మంచి ఉద్దేశంతోనే ఎవరో పెట్టిస్తారు. ఆ ఒక్క బల్బుతో నీడ చెదిరిపోతుంది.

ఎవరో ఒకరు ఫోన్ టార్చి వేస్తారు. ఆ ఒక్కడి వల్ల మిగతా అందరికీ మళ్లీ రెండు నిమిషాలు వృథా.

కాబట్టి ఇలా చేయండి. ఎనిమిది మంది కంటే ఎక్కువ మందిని ఒక్కసారి ద్వారం ముందుకు పంపొద్దు. వాళ్లు మండపం నీడలో నిలబడి ఉండగానే గైడు మాట మొదలుపెట్టాలి. గుడి ఎవరు కట్టారు, మూడు గర్భాలయాలు ఒకే మండపానికి ఎలా కలిశాయి, ఇవి చెబుతుంటే ఆ రెండు నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. అప్పుడు ద్వారం ముందు రెండు వైపులా నలుగురు నలుగురుగా, మధ్యలో మూడడుగుల ఖాళీ ఉండేలా నిలబెట్టాలి. పిల్లలు ముందు, పొడుగువాళ్లు వెనక. బల్బు స్విచ్చి గైడు చేతికి అందేలా ఉండాలి, అర్చకుడు పూజకు అవసరమైనప్పుడు వేసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ తర్వాత గైడు ఇంకేమీ మాట్లాడకూడదు. వాళ్లంతట వాళ్లకే నీడ కనబడనివ్వాలి. "అదిగో!" అని ఎవరో ఒకరు అన్నాక, ఒకరిని మధ్యలోకి వచ్చి నిలబడమని, నీడ ఏమవుతుందో మిగతావాళ్లను చూడమనాలి. అది చూశాక నీడ ఎలా పడుతుందో వేరే చెప్పనక్కరలేదు, మండపంలో స్తంభాలను చూపిస్తే చాలు.

నీడ పగటి పూటే. సాయంత్రం ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఈ మాట గేటు దగ్గరే చెప్పాలి, లోపలికి పంపి నిరాశపరచొద్దు. మెదక్ చర్చి రంగుటద్దాలదీ ఇదే సంగతి. పగటి వెలుతురు లేకపోతే 1924 నాటి ఆ మహామందిరంలో అంత గొప్ప కిటికీలూ లోపలివాళ్లకు నల్ల పలకలే. వెలుతురును నమ్ముకుని కట్టిన చోట వేళలు కూడా వెలుతురును బట్టే పెట్టాలి.

ఇక లెక్క. ఒక్కో బృందానికి ద్వారం ముందు మూడు నిమిషాలు అనుకుంటే గంటకు ఇరవై బృందాలు వెళ్లాలి. కాగితం మీద అంతే. లేవలేని ముసలమ్మ, ఏడ్చే పిల్లాడు, హారతి కోసం ఆగడం, ఇవన్నీ పోను పదిహేను బృందాలే నడుస్తాయి. అంటే గంటకు 120 మంది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల్లో 500 మంది వస్తే 140 మంది మిగిలిపోతారు. వాళ్లకు టోకెన్ ఇచ్చి, వేళ రాసి, ముందు పానగల్‌లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయానికీ మ్యూజియానికీ పంపండి. తిరిగి వచ్చేసరికి వాళ్ల వంతు వస్తుంది. వరుసలో విసుక్కునే గంట కాస్తా శిల్పాలు చూసే గంట అవుతుంది.

గైడు, అయ్యగారు

ఇద్దరికీ పొసగకపోతే ఏ ఏర్పాటూ నిలవదు. గైడు మాట్లాడుతుంటే అయ్యగారు హారతి పళ్లెం తెస్తారు. అయ్యగారు మంత్రం చదువుతుంటే గైడు గొంతు పెంచుతాడు. చాలా చిన్న గుళ్లలో అయ్యగారి బతుకు పళ్లెంలో పడే దక్షిణ మీదే నడుస్తుంది. చూడటానికి వచ్చినవాళ్లను గైడు అటు నుంచి అటే తీసుకుపోతే ఆయన నోటి దగ్గర కూడు తీసినట్టే. అందుకని మొదటి రోజే కూర్చుని మాట్లాడుకోండి. నీడ చూపడం అయ్యాక బృందాన్ని అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లడం గైడు పనిలో భాగం కావాలి. నిత్య పూజ వేళల్లో బృందాలు ఆగాలి. ఆ వేళలు బోర్డు మీద ఉండాలి.

గైడును ఊరి నుంచే తీసుకోండి. డిగ్రీ చదివే పిల్లలు బాగా చేస్తారు. తెలుగుతో పాటు ఉర్దూ లేదా హిందీ వచ్చినవాళ్లు ఒకరైనా ఉండాలి. రోజు కూలి ఖాయంగా ఇవ్వండి. దుకాణాల నుంచి కమిషన్ తీసుకునే పద్ధతి పెడితే గైడు కాళ్లు శిల్పాల దగ్గర ఆగవు, కౌంటర్ దగ్గరే ఆగుతాయి. "శాస్త్రవేత్తలకే అంతుపట్టని రహస్యం" లాంటి మాటలు వాడొద్దని గట్టిగా చెప్పండి. ఆ శిల్పుల తెలివికి అబద్ధాల అలంకారం అవసరం లేదు.

కాళ్లు, నీళ్లు, మరుగుదొడ్డి

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రాతిపరుపు మీద చెప్పుల్లేకుండా నడవలేం. చాలాచోట్ల దీనికి మందుగా నేల మీద తెల్ల రంగు కొడతారు. పాత రాయి మీద ఆ పని ఎప్పుడూ చేయొద్దు, రంగు రాతి రంధ్రాల్లోకి దిగాక రాదు. మూడడుగుల వెడల్పు కొబ్బరిపీచు పట్టలు పరిచి, గంటకోసారి నీళ్లు చల్లండి. రాత్రికి చుట్టి ఎత్తేయండి. అలాగే వదిలేస్తే కింద తేమ నిలిచి నాచు పడుతుంది, వానాకాలంలో అదే జారుతుంది.

చక్రాల కుర్చీకి సిమెంటు వాలు కట్టొద్దు. చెక్కతో తీసి పెట్టుకునే వాలు చేయించండి. అడుగు ఎత్తు మెట్టుకు పన్నెండడుగుల పొడవు కావాలి. అంతకంటే పొట్టిగా చేస్తే తోసేవాడి చేయి జారుతుంది.

తాగునీళ్ల విషయంలో నల్గొండ ప్రాంతంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఈ జిల్లా ఎన్ని తరాల ఎముకలను వంచిందో వేరే చెప్పాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. బోరుకు కుళాయి బిగించి పక్కన గ్లాసు పెట్టొద్దు. మిషన్ భగీరథ నీళ్ల కనెక్షన్ తీసుకుని, బోరు కుళాయి మీద "కాళ్లు కడుక్కోవడానికి మాత్రమే" అని రాయండి. కాచి ఇస్తే చాలనుకోవద్దు, కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు.

మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు అరగంట కంటే ఎక్కువసేపు ఉండరు. దాన్ని కట్టించడం తేలికే, కడిగే మనిషికి నెలనెలా జీతం ఇవ్వడం దగ్గరే కమిటీలు ఆగిపోతాయి. చెప్పుల స్టాండు ఆదాయాన్ని పూర్తిగా ఈ జీతానికే కేటాయించి రాసుకోండి.

బోర్డుల సంగతి: పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం అంగుళానికి తగ్గొద్దు. తెలుగు వత్తులు కింది వరుసను తాకకుండా వరుసల మధ్య మరో అంగుళం వదలండి. బోర్డు నేల మీద నిలబడేదై ఉండాలి. రాతికి మేకు కొట్టడం, స్తంభానికి తీగ చుట్టడం రెండూ వద్దు.

అమ్మకాలు ఎక్కడ, ఏమిటి

వచ్చేవాడికి తొందర, వెళ్లేవాడికి తీరిక. అందుకని దుకాణాలను బయటికి వెళ్లే దారిలో పెట్టండి. గేటు ముందు చేయి పట్టుకుని పిలిచే బేరం మొదటి రోజు నడుస్తుంది. తర్వాత అదే మాట ఊరంతా పాకి మనుషులు రావడం తగ్గుతుంది. పూజ సామాను ఒక్కటే ముందు వైపు ఉండాలి.

కొబ్బరికాయల హక్కును వేలంపాటకు పెట్టే ముందు మీ వారం లెక్కను బయటికి తీయండి. ఉదాహరణకు నెలకు 2,000 కాయలు పోతాయి, కాయకు 10 రూపాయలు మిగులుతాయి అనుకుందాం. మొత్తం 20,000. మనిషి కూలికి 10,000 పోతే పాటదారుడు మీకు 5,000 కట్టి తానొక 5,000 మిగుల్చుకోగలడు. ఆవేశంలో పాట నెలకు 15,000 దాకా పోయిందంటే చప్పట్లు కొట్టొద్దు. ఆ తేడాను అతను కాయ ధర పెంచి, కుళ్లిన కాయ అంటగట్టి భక్తుల దగ్గరే రాబడతాడు, లేదంటే మూడో నెల చేతులెత్తేస్తాడు. కాయ ధర ఎంతకు మించకూడదో పాట షరతుల్లోనే రాయండి. ధరావతు రెండు నెలల పాటకు తగ్గకుండా ముందే తీసుకోండి. ప్లాస్టిక్ సంచులు ఉండకూడదని, చెత్త రోజూ ఎత్తాలని, కాయ కొట్టడానికి ప్రహరీ దగ్గర పెట్టిన బండరాయి తప్ప మరో చోటు వాడకూడదని కూడా రాయండి. గడప మీద కొట్టిన ఒక్కో కాయ ఆ రాతి అంచును కొద్దికొద్దిగా తినేస్తుంది.

తినేవాటిలో నల్గొండకు బత్తాయిని మించింది లేదు. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు మధ్యరకం కాయలు రెండు మూడు పడతాయి. అడిగినప్పుడే పిండాలి. జగ్గులో పిండి పెట్టిన బత్తాయి రసం కాసేపటికే చేదెక్కుతుంది, కొన్నవాడు కాయ మంచిది కాదనుకుంటాడు. చేపల మార్కెట్‌కు వెళ్లే ఐసు వాడొద్దు, మంచినీళ్లతో చేసిన ఐసే కావాలి. సీతాఫలాల కాలంలో ఊరి ఆడవాళ్లకు గంపలు పెట్టుకోవడానికి ఉచితంగా జాగ ఇవ్వండి. తినేది ఏది అమ్మినా, ప్రసాదంతో సహా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. నీళ్ల సీసాను దాని మీద ముద్రించిన ధరకే ఇవ్వాలి. రెండు రూపాయల దగ్గర పోయిన నమ్మకాన్ని గుడి ఎంత పెట్టినా మళ్లీ కొనలేదు.

గుర్తుగా పట్టుకెళ్లే వస్తువుల్లో ఎక్కడైనా దొరికే ప్లాస్టిక్ బొమ్మలు పెట్టొద్దు. పాత నల్గొండ జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చేనేత వస్త్రానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో నానబెట్టి, పడుగునూ పేకనూ ముందే చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారం బిగించి) రంగు అద్ది, ఆపైన నేస్తారు. అసలుదాన్ని తిప్పి చూస్తే రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. అచ్చు వేసిన నకిలీ వెనక వైపు వెలవెలబోతుంది. అమ్మే మనిషి ఈ తిప్పి చూపడం నేర్చుకోవాలి. ధర ఎందుకు ఎక్కువో దానితోనే కొనేవాడికి అర్థమవుతుంది. ఖరీదైన వస్త్రాలు రెండో మూడో ఉంచి, ఎక్కువగా వంద రూపాయల లోపు వస్తువులు పెట్టండి. గుడి చరిత్ర పదహారు పేజీల చిన్న పుస్తకం, శిల్పాల ఫొటో కార్డులు, చిటికి గుడ్డతో కుట్టిన చిన్న సంచులు సరిపోతాయి. నేతగాళ్ల దగ్గర సరుకును అమ్మిపెట్టే పద్ధతిలో తీసుకోండి. అమ్మిన ధరలో ఐదో వంతు మీకు, మిగతాది వాళ్లకు. పదిహేను రోజులకోసారి తప్పకుండా డబ్బు కట్టండి. ఆలస్యం చేస్తే రెండోసారి మీకు మిగులు సరుకే వస్తుంది.

ఫొటోలకు వచ్చే పెళ్లి జంటలకు పొద్దున తొలి గంటలు కేటాయించి, పురావస్తు శాఖ అనుమతి కాగితం చూపితేనే రానివ్వండి. లైటు స్టాండ్ల కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి. శిల్పాల మీదికెక్కడం, రంగు పొగలు వదలడం కుదరదని ముందే చెప్పాలి.

డబ్బు

క్యూఆర్ కోడ్ ఆలయ కమిటీ ఖాతా పేరు మీదే ఉండాలి, కార్యదర్శి సొంత నంబరు మీద ఉండొద్దు. ఎంత నిజాయితీ మనిషైనా ఊరు అనుమానిస్తుంది, ఆయన పేరే చెడుతుంది. ఇంకో మోసం ఉంది: రాత్రికి రాత్రి ఎవరో తమ స్టిక్కరును మీ కోడ్ మీద అంటిస్తారు. పైకి తేడా తెలియదు. రోజూ పొద్దున తెరవగానే ప్రతి కోడ్‌కూ ఒక రూపాయి పంపి, తెర మీద వచ్చిన పేరు చూడండి. అట్ట అంచు మీద వేలితో రుద్దితే పొర తగులుతుందేమో గమనించండి. నోట్లను ఇద్దరు కలిసి లెక్కపెట్టి, చీటీ మీద ఇద్దరూ సంతకం చేసి, మరునాడే బ్యాంకులో వేయాలి. నెల లెక్కను గుడి బయట అతికించండి.

శివరాత్రి, కార్తీకం

శివరాత్రి నాడు నీడ చూపించే పద్ధతి నడవదు. "ఈరోజు దర్శనం మాత్రమే" అని ముందు రోజే బోర్డు పెట్టండి. వరుస వెడల్పు మూడడుగులు. సరుగుడు బొంగులను స్తంభాలకు కట్టకుండా, ఇసుక నింపిన డ్రమ్ముల్లో నిలబెట్టండి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి. ఎదురు నడక ఒక్క నిమిషం కూడా ఒప్పుకోవద్దు. తీర్థ ప్రసాదాలను ద్వారం దగ్గర ఇస్తే వరుస అక్కడే బిగుసుకుంటుంది, వెనక తోపులాట మొదలవుతుంది. అందుకే వాటిని బయటి దారి చివర ఇవ్వండి. ఉపవాసాలతో వచ్చినవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. వరుసలో ప్రతి ముప్పై అడుగులకు నీళ్లు, ఒక చోట మంచం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సిద్ధంగా ఉంచండి.

కార్తీకంలో దీపాలు గుడికి అందం, రాతికి గండం. ఒలికిన నూనె రాతిలోకి ఇంకి దుమ్మును పట్టుకుంటుంది, నల్లటి పొర కడుతుంది. ప్రహరీ పక్కన రెండంగుళాల ఇసుక పోసిన ఇనుప తట్టలు వరుసగా పెట్టి, 365 వత్తులైనా అక్కడే వెలిగించమనండి. వద్దంటే ఎవరూ వినరు. అనువైన చోటు చూపిస్తే వింటారు.

రాత్రి గేటు మూసేముందు ఒకరు బుట్ట, మెత్తటి నూలుగుడ్డ పట్టుకుని మండపమంతా తిరగాలి. కరిగిన కర్పూరం, ఒలికిన నూనె, కుంకుమ అదే రోజు పొడిగుడ్డతో అద్ది తీయాలి. సబ్బు, యాసిడ్, ఇనుప బ్రష్ ముట్టుకోవద్దు. గుడ్డకు రాని మరక ఉంటే చోటు, తేదీ రాసి, ఫొటో తీసి శాఖవాళ్లకు పంపాలి. చివరగా గర్భాలయం ముందు బల్బు ఆర్పి ఉందో లేదో చూసుకోవాలి. పొద్దున మొదటి బృందం వచ్చేసరికి అక్కడ పగటి వెలుతురు తప్ప మరేదీ ఉండకూడదు.